పట్నవాసము – ఊరికాపురము: ఆధునికాంధ్ర చరిత్రలో మహానగరమును చిన్న పట్టణమును

తెలుగున 'పట్నము' అను మాటకు పెద్ద చరిత్ర కలదు. మచిలీపట్టణము, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కృష్ణపట్టణము, నిజాంపట్టణము – ఈ పేళ్లలోని పట్టణశబ్దము సముద్రపు రేవును జ్ఞప్తికి దెచ్చును. సరకు దిగుచోట జనము చేరును. జనము చేరినచోట అంగడి వెలయును. కావున రేవు కాని పెద్ద యూళ్లకును ఆ మాట చెల్లినది. కాని వాడుకలో అదియే మఱల సంకోచము పొందినది. నెల్లూరు మండలపు పెద్దలు "పట్నము పోయి వచ్చితిమి" అన్నచో అది చెన్నపట్టణమే. తెలంగాణపు పల్లెలలో "పట్నం బోయిండు" అన్నచో అది హైదరాబాదే. తక్కిన పట్టణములకు పేళ్లు కావలెను. ఈ రెంటికి పేరుతో పనిలేకపోయెను.

ఈ రెండు పట్నములలోను తెలుగు పలుభాషల నడుమ నొకటిగా మాత్రమే యుండెననుట గమనింపదగిన విషయము. ఒకటి తెలుగునేలకు దక్షిణపు టంచున, అరవమునకును ఇంగ్లీషునకును నడుమ పెరిగినది. రెండవది తెలుగు నేలలోనే యున్నను, ఆసఫ్‌జాహీల యేలుబడిలో మొదట ఫార్సీ, పిమ్మట ఉర్దూ రాజభాషలుగా నడచినది. అందుచేత గడచిన రెండు శతాబ్దులలో తెలుగువానికి మహానగరమనగా తన భాష పదిమంది భాషలతో పాటు నిలుచుండు తావు; చిన్న పట్టణమనగా తన భాషయే వ్యవహారమంతయు నడపు తావు. నగరజీవనమును చిన్న ఊరి బ్రదుకుతో పోల్చువారు సౌకర్యములను, ఇంటి యద్దెలను, గాలి వెలుతురులను లెక్కించుట పరిపాటి. మన చరిత్రలో ఆ పోలికకు మఱియొక ముఖమున్నది. దానిని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

సాహిత్యచరిత్రకారులు ఆధునికయుగమును గూర్చి వ్రాయునపుడు ముద్రాలయము, విశ్వవిద్యాలయము, పత్రిక అను మూడింటిని హేతువులుగా చెప్పుదురు. ఈ మూడును నగరమున పుట్టినవి గావున నవీనత నగరమున పుట్టి పట్టణములకు ప్రవహించెనని అనుకొనుట సహజము. సాధనముల విషయమున ఈ యభిప్రాయము సత్యము. కాని ఆచరణ విషయమున సత్యము కాదు. నగరము సాధనములను సమకూర్చినది. ఆ సాధనములచే ప్రచారమైన భావము నిలుచునా నిలువదా యని పరీక్షించినది చిన్న పట్టణము. ఒరగల్లు లేనిదే బంగారము వన్నె తెలియదు గదా. మన ఒరగల్లులు రాజమహేంద్రవరము, బందరు, విజయనగరము, జోగిపేట వంటి ఊళ్లు.

పూర్వకవుల పురము

మన ప్రబంధములలో పురవర్ణనము అష్టాదశవర్ణనలలో నొకటి. కోట, అగడ్త, మేడలు, నాలుగు వర్ణములవారు, వేశ్యలు, ఏనుగులు, గుఱ్ఱములు, తోటలు – ఈ వరుస తప్పదు. ద్వారకకు చెప్పినది చాలవఱకు అయోధ్యకును చెల్లును. అందు పురము ఒక ఆదర్శమే గాని, ఒక ఊరు కాదు. ఆ మూసను విడిచిన కావ్యములలో వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము ముఖ్యమైనది. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఒక దినమెల్ల ఓరుగంటి వీథులు తిరుగుదురు. అంగళ్లు, పూటకూటి యిల్లు, కోడిపందెములు, దేవతల గుళ్లు, ఆటపాటలు – అన్నియు వారి కంటబడును. చూచువాడు అపరిచితుడు, చూడబడునది జనసమూహము. ఇదియే నగరానుభవమునకు మూలము. ఊరివాడు తన వీథిలో నడచినచో పదిమంది పలుకరింతురు, నలుగురు ఆరా తీయుదురు. మంచనశర్మకు ఆ బాధ లేదు. ఆ కావ్యపు టుల్లాసములో సగము ఈ స్వేచ్ఛవలన కలిగినదే. నగరమిచ్చు మొదటి వరము ఎఱుగబడకుండుట.

చెన్నపట్టణము: పేటల కూటమి

ఆంగ్లవర్తకులు 1611లో మచిలీబందరున కోఠీ పెట్టిరి. 1639లో దామెర్ల వేంకటాద్రినాయకుని యనుమతితో మదరాసు తీరమున స్థలము సంపాదించిరి. ఆయన తండ్రి చెన్నప్పనాయకుని పేర చెన్నపట్టణము వెలసినది. నాటికి బందరు పెద్ద రేవు, చెన్నపట్టణము ఇసుకతిన్నె. రెండువందల యేండ్లలో స్థితి తాఱుమాఱయ్యెను. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన బందరును ముంచివేసినది. దాదాపు ముప్పదివేల మంది మరణించిరి. పిమ్మట ఆ రేవు మఱల పూర్వవైభవమును పొందలేదు.

అయితే చెన్నపట్టణము మొదటినుండియు ఒకే నగరముగా పెరిగినదనుట సరికాదు. పెద్దునాయనిపేట, ముత్యాలపేట, చింతాద్రిపేట అను పేర్లే చెప్పుచున్నవి, అది పేటల కూటమి యని. 1707లో పిట్టు గవర్నరు కాలమున కుడికులము, ఎడమకులములవారికి వీథులను గూర్చి పెద్ద తగవు జరుగగా, ఎవరి తావులు వారికి వేఱుచేయవలసివచ్చెను. 1734లో నేతపనివారికై చింతాద్రిపేట ప్రత్యేకముగా కట్టబడినది. అనగా నగరమునకు వచ్చినవాడు తన ఊరిని, తన కులమును, తన కట్టుబాటును మూటగట్టుకొనియే వచ్చెను. నగరము కులమును కరగించినదని తొందరపడి వ్రాయువారు ఈ పేటల చరిత్రను చదువవలెను. నగరము చేసినదెల్ల ఒక పేటవాడు రెండవ పేటకు పోయినపుడు వానిని ఎవరును ఎఱుగకుండునట్లు చేయుటయే. ఆ కొంచెమే కాలక్రమమున పెద్ద మార్పునకు దారితీసినది.

ఈ నగరవాసి చిన్న ఊళ్లను ఎట్లు చూచెనో తెలిసికొనుటకు మనకు చక్కని యాధారమొకటి కలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసీ పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశికి బయలుదేరి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా ప్రయాగ, కాశి, గయలు సేవించి, కలకత్తా చూచి, సముద్రతీరపు మార్గమున 1831 సెప్టెంబరులో మఱల ఇల్లు చేరెను. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయ్యెను. మజిలీ మజిలీకి ఆయన లెక్కించునవి ఇవి: ఇండ్లెన్ని, అంగళ్లెన్ని, నీళ్లు మంచివా, దిగుటకు చావడి కలదా, కావలసిన పదార్థములు దొరకునా. ఇది భక్తుని చూపు మాత్రమే కాదు, నగరవాసి చూపు. దొరకుట అనునది ఆయనకు ఊరి విలువకు కొలత. తన నగరమున అన్నియు దొరకును గనుక, తక్కిన ఊళ్లను వాని కొఱతలచేత గుర్తించెను. నేటికిని నగరవాసులము చిన్న ఊరిని గూర్చి మాటలాడునపుడు 'అచ్చట ఏమి దొరకును?' అనియే అడుగుచున్నాము. 'అచ్చట ఎవరు నిన్నెఱుగుదురు?' అని అడుగుట లేదు.

రెండు కొలతలు

1901 నాటి జనాభా లెక్కలను చూచినచో ఈ తారతమ్యపు పరిమాణము తెలియును. చెన్నపట్టణమున 5,09,346 మంది, హైదరాబాదున 4,48,466 మంది నివసించుచుండిరి. తీరాంధ్రమున కాకినాడకు 48,096, విశాఖపట్టణమునకు 40,892, బందరునకు 39,507, విజయనగరమునకు 37,270, రాజమహేంద్రవరమునకు 36,408, నెల్లూరునకు 32,040, గుంటూరునకు 30,833. ఈ యేడు పట్టణములను కలిపినను మొత్తము రెండులక్షల అఱువదియైదువేలు. అనగా ఒక్క చెన్నపట్టణములో సగమునకు కొంచె మెక్కువ. ఆధునికాంధ్రభాషా చరిత్రలో మనము స్మరించు మహాకార్యములలో పెక్కు ఈ యేడూళ్లలో జరిగినవి. ముప్పది నలువది వేలమంది గల ఊరిలో వకీళ్లు, ఉపాధ్యాయులు, పురోహితులు, వర్తకులు ఒకరి నొకరు ఎఱిగినవారే. ఈ సంఖ్యను మనస్సున నుంచుకొననిదే ఆ కాలపు సంస్కరణోద్యమము అర్థము కాదు.

నగరమునకును పట్టణమునకును నడుమ త్రోవ కూడ ముఖ్యమే. 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి కాలువలపై పడవలు నడచెను. తీరమున కాకినాడనుండి పొగయోడలు చెన్నపట్టణమునకు పోవుచుండెను. 1900లో గోదావరిపై రైలువంతెన తెఱవబడినది. పూర్వము ఎన్నియో దినములు పట్టు ప్రయాణము రైలుతో సులువయ్యెను. 1857లో స్థాపితమైన విశ్వవిద్యాలయము, 1862లో ఏర్పడిన హైకోర్టు, ముద్రాలయములు – వీనికై పట్టణపు యువకులు నగరమునకు పోయిరి. 1895 నుండి అచ్చట విద్యుచ్ఛక్తితో ట్రాములు నడచినవి. ఆ వీథులలో నడచిన తెలుగు విద్యార్థి బి.ఏ. పట్టముతో పాటు కొత్త యూహలను కూడ మూటగట్టుకొని మఱల తన ఊరికి వచ్చెను. అసలు కథ అచ్చట ప్రారంభమగుచున్నది.

రాజమహేంద్రవరము: గోదావరి నీళ్లు

కందుకూరి వీరేశలింగము పంతులు 1848లో రాజమహేంద్రవరమున జన్మించెను. 1874 అక్టోబరులో ధవళేశ్వరమున ఉపాధ్యాయుడుగా నుండగా వివేకవర్ధనిని స్థాపించెను. ఆ పత్రిక మొదట చెన్నపట్టణమున అచ్చుపడుచుండెను. పిమ్మట పంతులుగారు మిత్రులతో కలిసి రాజమహేంద్రవరముననే అచ్చుకూటమును పెట్టిరి. ఈ చిన్న మార్పు నా యభిప్రాయమున మన పత్రికాచరిత్రలో గొప్ప ఘట్టము. నగరమున అచ్చయి వచ్చు పత్రిక లంచగొండుల నెంత దూషించినను అది దూరపు మాట. ఆ లంచగొండి యుద్యోగి నడచు వీథిలోనే అచ్చయినచో, ఆ మాటకు బరువు వేఱు. వ్రాసినవానికి ప్రమాదమును వేఱు. పంతులుగారి ప్రహసనములకు కూడ బలమిదియే. బ్రాహ్మవివాహము 'పెద్దయ్యగారి పెండ్లి' అను పేర ప్రసిద్ధమైనది. పెద్దయ్యగారు ఎవరో చదువరులకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. 1880లో ఆయన శిష్యులు వ్యవహారధర్మబోధినిని ప్రదర్శించినపుడు, ప్రేక్షకులలో అందు వెక్కిరింపబడిన వృత్తివారే కూర్చుండిరని ఊహించుట కష్టము కాదు. నగరమున ప్రహసనము వినోదము. పట్టణమున అది పేరుపెట్టి పిలుచుట.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున పంతులుగారి యింట తొలి వితంతు పునర్వివాహము జరిగెను. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు కాపలా కాసిరి. ఈ సంగతులు అందఱెఱిగినవే. నేను దృష్టి నిలుపగోరునది ఆ వివాహానంతరము ఊరు ప్రయోగించిన ఆయుధములపైన. ఊరు తుపాకి పట్టలేదు. వంటవాడు రాలేదు. నీళ్లు మోయువారు రాలేదు. పురోహితుడు వెనుదీసెను. బంధువులు పంక్తి విడిచిరి. పీఠాధిపతుల బహిష్కారపు శ్రీముఖము వచ్చెను. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనిడి గోదావరికి పోయి నీళ్లు తెచ్చి, వచ్చినవారి కందఱకు వండి పెట్టిరి. చెన్నపట్టణమున నయినచో డబ్బిచ్చి మఱియొక వంటవానిని పిలిచియుందురు. వీథి మార్చి ఇల్లు పుచ్చుకొనియుందురు. రాజమహేంద్రవరమున వీథి మార్చిన మాత్రమున ఊరు మారదు. ప్రతిదినమును స్నానఘట్టమున అవే ముఖములు. కావున అచ్చట సంస్కరణము ఉపన్యాసముగా నుండుటకు వీలులేకపోయెను; అది నీళ్ల బిందెగా మారవలసివచ్చెను.

దీనిని చదువు విద్యార్థులు వీరేశలింగయుగమనిన పంతులుగారి గ్రంథములను మాత్రమే స్మరింతురు. ఆ యుగపు భారములో సగము మోసినది ఆ బిందె యని నేను తలంతును. నగరపు సభలలో సంస్కరణతీర్మానములకు చేయెత్తినవారు పెక్కుమంది. ఇంటికి పోయిన పిదప ఆ చేయి ఎవరిదో ఎవరికిని తెలియదు. చిన్న పట్టణమున ఎత్తిన చేయి మఱునాడు సంతలోను కనబడును.

అయినను పంతులుగారు నగరమును నిరాకరింపలేదు. శతాబ్ద్యంతమున చెన్నపట్టణమునకు పోయి, కొన్ని యేండ్లు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు బోధించిరి. తన గ్రంథసర్వస్వమును అచ్చొత్తించు పని అచ్చట సాగెను. కాని తన యాస్తిని హితకారిణీసమాజమునకు సమర్పించునపుడు మఱల రాజమహేంద్రవరమునే ఎన్నుకొనిరి. 1919 మే 27వ తేదీన చెన్నపట్టణముననే కన్నుమూసిరి. ఊరిలో పుట్టి, పట్నమున మరణించి, రెంటి నడుమ జీవితకాలమెల్ల తిరిగిన ఈ మనుష్యుని చరిత్రయే మన నాగరచరిత్రకు సంగ్రహరూపము.

విజయనగరము: లెక్కపెట్టుటకు వీలైన ఊరు

చిన్న పట్టణమున దాగుటకు చోటులేదను సత్యమును గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున హాస్యముగా మలచిరి. నాటకారంభమున గిరీశము విజయనగరమున అప్పులపాలై, అపకీర్తిపాలై నిలువనీడ లేక శిష్యుడైన వెంకటేశముతో అగ్రహారమునకు జాఱుకొనును. ఊరు వానిని చదివివేసినది. పట్టణపు నాగరకతను అగ్రహారమున అమ్ముకొని కొన్నాళ్లు గడపుట వాని యుపాయము. పూటకూళ్లమ్మనుండి బాకీదారునివఱకు అందఱు వాని నెఱుగుదురు. అదియే వాని కష్టము. మహానగరమున గిరీశము పదియేండ్లు సుఖముగా బ్రదికియుండును. నాటకమున కథ కడకు న్యాయస్థానములున్న విశాఖపట్టణము చేరును. అగ్రహారము, విజయనగరము, విశాఖపట్టణము – ఈ మూడు మెట్లమీద కవి ఆ నాటి సంఘమునంతను నిలిపెను.

1892లో ఆ నాటకము విజయనగరమున ప్రదర్శితమైనది, 1897లో అచ్చయ్యెను. ఆ ముద్రణమునకు అప్పారావుగారు వ్రాసిన పీఠికలో ఒక లెక్క కలదు. విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణకుటుంబములలో మూడు సంవత్సరములలో జరిగిన శుల్కవివాహములకు మహారాజుగారు పట్టిక తయారు చేయించిరి. వాని సంఖ్య 1034. అందు అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆఱుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ యంకెలను చదివినవారికి ఆ నాటకము నవ్వుటకు మాత్రమే వ్రాయబడినది కాదని తెలియును. ఇట్టి లెక్క తీయుట ఎట్లు సాధ్యమయ్యెను? ఏ యింట ఏ పిల్లను ఎవరికి ఇచ్చిరో ఊరిలో అందఱికి తెలిసియుండుటవలన. ఏ పరిచయము అపకారమును దాచి కాపాడెనో, ఆ పరిచయమే దానిని బయటపెట్టుటకును పనికివచ్చెను.

బందరు, చెన్నపట్టణముల రెండు పత్రికలు

20వ శతాబ్దపు టారంభమున రెండు పత్రికలు మన సమస్యకు నిదర్శనములుగా నిలిచినవి. 1902లో బందరున కృష్ణాపత్రిక పుట్టెను. 1907 మొదలు 1945లో మరణించువఱకు ముట్నూరి కృష్ణారావుగారు దాని సంపాదకులు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిన ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రికగా మార్చిరి. 1924లో భారతి మాసపత్రికను వెలువరించిరి. ఒకరు కృష్ణామండలపు పల్లెనుండి బొంబాయికి పోయి, అమృతాంజనముతో ధనమార్జించి, ఆ ధనమును భాషకు వెచ్చించినవారు. ఇంకొకరు కదలక బందరుననే కూర్చుండి, వచ్చినవారితో మాటలాడుచు వ్రాసినవారు. ఆంధ్రపత్రిక లేనిదే తెలుగువారి వార్తలు ఒకచోట చేరవు. కృష్ణాపత్రిక లేనిదే ఆ వార్తలకు ఒక ఊరి గొంతుక లేదు. దినపత్రిక నగరమున బ్రదికినది. తంతివార్తలు, కాగితము, ప్రకటనలు అచ్చట దొరకును. తీరికతో నిలిచి ఆలోచించు సంపాదకీయము బందరున బ్రదికినది. ఈ రెండింటిలో ఏది గొప్పయని యడుగుట అవివేకము.

బందరు కథలో ఇంకొక యంశము కలదు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు అచ్చట ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. ఊరివారు ఒకరినొకరు ఎఱిగి నమ్ముకొనుటయే అట్టి సంస్థకు తొలి మూలధనము. అది పెరిగి పెద్దదై హైదరాబాదు చేరెను; 2020 ఏప్రిలులో మఱియొక పెద్ద బ్యాంకులో విలీనమై పేరు కోల్పోయెను. చిన్న పట్టణమున పుట్టిన సంస్థ పెరిగినకొలది నగరమునకు చేరుట, చేరినకొలది ఊరిపేరు చెఱగుట మన కాలపు ధర్మముగా నున్నది.

హైదరాబాదు, జోగిపేట

తెలంగాణ చరిత్ర ఈ విషయమును మఱింత స్పష్టముగా బోధించును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము స్థాపితమైనవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కలిసి హైదరాబాదుననే విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. తరువాత అది చెన్నపట్టణమునకు చేరెను. నగరమున తెలుగువారు లేకపోలేదు. వారి భాషకు సభలో పీట లేదు.

1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కరణ మహాసభ జరిగెను. మహారాష్ట్రుడైన కార్వే పండితుడు అధ్యక్షుడు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసములు సాగినవి. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడుటకు లేచినంతనే సభలో గోల బయలుదేరి ఆయనను మాటలాడనీయలేదు. ఆ రాత్రియే కొందఱు కూడి ఆంధ్రజనసంఘమునకు బీజము వేసిరి. అవమానము నగరమున జరిగినది. ఆలోచనయు నగరముననే కలిగినది. కాని ఆ యుద్యమము పెద్దదై ఆంధ్రమహాసభయైనపుడు మొదటి సమావేశము ఎచ్చట జరిగెను? 1930లో మెదకు మండలపు జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన. 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మము, 1935లో సిరిసిల్ల, 1936లో షాద్‌నగరు, 1937లో నిజామాబాదు. పదవ సమావేశమునకు గాని, అనగా 1943కు గాని, సభ హైదరాబాదు చేరలేదు. అనుమతుల చిక్కులు కొంత కారణము కావచ్చును. కాని ఫలితమును చూడుడు. నగరసభలో గోలచే అణచబడిన భాష చిన్న ఊరి పందిరిలో అధ్యక్షభాష యయ్యెను. ఆ పందిరిలో తెలుగు మాటలాడుటకు ధైర్యము అక్కఱలేదు. మాటలాడకపోవుటకే కారణము చెప్పవలెను.

ప్రతాపరెడ్డిగారు 1926 నుండి హైదరాబాదున గోలకొండపత్రికను నడపిరి. తెలంగాణమున కవులు లేరని యొక పండితుడు వ్రాయగా, 1934లో గోలకొండకవులసంచికను వెలువరించిరి. 354 మంది కవులు అందు చేరిరి. సంచిక అచ్చయినది నగరమున. కవులో, ఊరూరనుండి వచ్చినవారు. నగరము కూర్చినది, ఊళ్లు నింపినవి. ఈ సంచికకు ఇంతకంటె చక్కని యుపసంహారవాక్యము నాకు తోచుటలేదు.

రాజధానుల విషయమునను ఈ ద్వంద్వము కనబడును. 1937 నవంబరులో తీరాంధ్రులును రాయలసీమవారును హైకోర్టు, విశ్వవిద్యాలయము మొదలగునవి ఎచ్చట నుండవలెనో ఒడంబడిక చేసికొన్నది చెన్నపట్టణమున, నాగేశ్వరరావుగారి శ్రీబాగు భవనమున. తమ ఊళ్ల తగవు తీర్చుకొనుటకు ఎవరి ఊరును కాని నగరము కావలసివచ్చెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడి కర్నూలు రాజధాని కాగా, 1954లో హైకోర్టు గుంటూరున వెలసెను. మూడేండ్లలో, 1956లో, రెండును హైదరాబాదు చేరినవి. చిన్న పట్టణములకు గౌరవము దక్కెను గాని నిలువలేదు.

ఆక్షేపము, సమాధానము

ఇంతవఱకు చెప్పినదానిపై ఒక న్యాయమైన యాక్షేపము కలదు. చిన్న పట్టణపు ఎఱుక ఎవరికి మేలుచేసినది? రాజ్యలక్ష్మమ్మగారికి నీళ్లు రానీయనిది ఆ ఎఱుకయే. వితంతువు తల గొఱిగించినది, అంత్యజుని చెఱువుగట్టు ఎక్కనీయనిది, వలచి పెండ్లాడినవారిని ఊరు వెడలించినది ఆ ఎఱుకయే. ఇట్టివారికి నగరము ఆశ్రయమిచ్చినది. పేరు తెలియని వీథిలో, అద్దెయింట, తమ బ్రదుకు తాము బ్రదికినవారు వేలకొలది కలరు. వారు చరిత్రకెక్కలేదు; ఎక్కకుండుటయే వారు కోరినది. ఈ యాక్షేపమును నేను పూర్తిగా అంగీకరింతును. నగరపు ఉదాసీనత పెక్కుమందికి దయవంటిది.

కాని రెండింటి పని వేఱు. ఊరు విడిచినవాడు తాను బ్రదుకును, ఊరు మాఱదు. ఊరిలో నిలిచినవాడు తాను నలుగును. ఊరు కొంత మాఱును. వ్యక్తికి విముక్తి నగరమిచ్చెను. సంఘమునకు మార్పు, వచ్చినంతవఱకు, చిన్న పట్టణమున నిలిచినవారివలన వచ్చెను. చరిత్రకారుడు ఈ రెండు లెక్కలను కలిపివేయరాదు.

ఈ రెండవ లెక్క మనకు సరిగా అందకపోవుటకు ఒక కారణము కలదు. దానిని చెప్పి విరమింతును. నేను చిన్న పట్టణమున పుట్టి నగరమున అధ్యాపకత్వము చేయుచున్నవాడను. పరిశోధనకై నగరమున పాత ప్రభుత్వపత్రములను, పత్రికాసంపుటములను చూడవలసినపుడు, అడిగిన గంటలో బల్లమీదకి వచ్చినవి. మా యూరి గ్రంథాలయమున ఒక స్థానికపత్రికకై వెదకగా, అటకమీదనుండి దింపిన కట్టలో పై అట్ట మాత్రమే మిగిలియుండెను. లోపలి కాగితమెల్ల చెదలు తినివేసినది. వృద్ధుడైన గ్రంథపాలకుడు చేతులు దులుపుకొనుచు, "నిన్న మొన్నటి దాక ఉండెను, బాబూ" అనెను. ఆ 'నిన్న మొన్న' ముప్పది యేండ్లో నలువది యేండ్లో యైయుండును. నగరము తన కాగితములను దాచుకొనును. ఊరు తన సంగతులను నోటిమీద నుంచుకొని, ఆ నోళ్లతోనే పోగొట్టుకొనును. అందుచే వ్రాయబడిన చరిత్రలో నగరము చేసినది మిగిలినది, ఊరు భరించినది మిగులలేదు. నవీనత నగరముననే పుట్టెనను అభిప్రాయము సగము కాగితములు చేసిన మాయ.

కావున మన శాఖ విద్యార్థులకు నా మనవి. పరిశోధనకు వచ్చునపుడు విషయమునకై నగరపు గ్రంథాలయములవైపు చూచుటకు ముందు మీ మీ ఊళ్లవైపు చూడుడు. పురపాలకసంఘపు తీర్మానముల పుస్తకములు, పాఠశాలల హాజరుపట్టికలు, మూతపడిన అచ్చుకూటముల లెక్కలు, నాటకసమాజముల కరపత్రములు, ఇంటింటి ఉత్తరములు – ఇవన్నియు ఎచ్చటనో పెట్టెలలో నున్నవి. వానిని చదివినపుడే గోదావరికి నీళ్లకు పోయిన రాజ్యలక్ష్మమ్మగారి వెంట ఇంకెందఱు పోయిరో తెలియును. చెదలకు మనకంటె తీరిక యెక్కువ. అవి మొదలుపెట్టకముందే మనము మొదలుపెట్టవలెను.